కొత్త నీటి సంస్థకు మొదటి సీఈఓ: ఇంజినీరా, మేనేజరా?

అయిదు పురపాలికల నీటి విభాగాలను కలిపి ఒకే ప్రాంతీయ సంస్థ చేస్తున్నారు. మొదటి సీఈఓని ఎంచే కమిటీలో నన్నూ వేశారు. పైపుల మ్యాపులు ఒకచోట కంప్యూటర్లో ఉన్నాయి, ఇంకోచోట రిటైరవబోయే ఫిట్టర్ బుర్రలో ఉన్నాయి! చార్జీలు అయిదు రకాలు, జీతాల స్కేళ్లూ అంతే. లీకేజీ లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు.

ఇలాంటి చోటికి నీటి ఇంజినీరు కావాలా, విలీనాలు నడిపిన మేనేజరా? నా మొగ్గు రెండోవైపే. ఇంజినీరుని కింద పెట్టుకోవచ్చు కదా అని. 2002లో స్కాట్లండ్‌లో మూడు నీటి సంస్థలు కలిసి స్కాటిష్ వాటర్ అనే ఒకే సంస్థ అయింది. అలాంటి విలీనంలో పనిచేసినవాళ్లుంటే చెప్పండి. మొదటి ఏడాదికి తాత్కాలిక సీఈఓ చాలా, లేక బోర్డు మొదలైన రోజే పర్మనెంటు మనిషి ఉండాలా? ఇంటర్వ్యూలో ఏం అడిగితే అసలు సరుకు బయటపడుతుంది?