పార్సిల్ చేరాక పడే అదనపు ఛార్జీ: రుజువు చూపకుండా కోసుకోవచ్చా?

విజయవాడ బొమ్మల అమ్మకందారు:
నేను నాలుగేళ్లుగా కొండపల్లి బొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. తెల్ల పొణికి కర్రతో చేసిన అంబారీ ఏనుగు 600 గ్రాములు కూడా తూగదు, కానీ తొండం విరగకుండా చేరాలంటే పెద్ద పెట్టె తప్పదు. అందుకే పెట్టె పరిమాణాన్ని బట్టి బరువు కట్టే వాల్యూమెట్రిక్ పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. నా పెట్టె 30×20×20 సెంటీమీటర్లు. ఆ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తే 2.4 కిలోలు వస్తుంది కనుక, అరకిలో స్లాబుల లెక్కన 2.5 కిలోలకు డబ్బు కట్టాను. బొమ్మ చేరిన తొమ్మిది రోజులకు, పెట్టె 32×22×22 ఉందంటూ కొరియర్ కంపెనీ వారు 3.5 కిలోల ఛార్జీ వేసి, ఆ తేడాను 18 శాతం జీఎస్టీతో కలిపి, వారి దగ్గర ముందుగా డబ్బు వేసి ఉంచే నా వాలెట్ నుంచి కోసేశారు. ఫోటో లేదు, ఎక్కడ కొలిచారో చెప్పలేదు. కొన్నవారిని మళ్లీ డబ్బు అడగలేను కదా. ఇది న్యాయమేనా?

కొరియర్ హబ్ మాజీ ఉద్యోగి, హైదరాబాద్:
మీ బాధ అర్థమైందండీ, కానీ మీరు పెట్టెను ఖాళీగా ఉన్నప్పుడు కొలిచి ఉంటారు. బబుల్ ర్యాప్ కుక్కి టేపు వేశాక పక్కలు ఉబ్బుతాయి, హబ్‌లో కొలిచే యంత్రమేమో బాగా ఉబ్బిన చోటునే లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్కో పక్క ఒక సెంటీమీటరు ఉబ్బినా, మూడు కొలతలను గుణిస్తే వచ్చే 12,000 కాస్తా 15,488 అవుతుంది, అంటే 3.1 కిలోలు, స్లాబు లెక్కన 3.5. తేలిక సరుకుతో లారీలో బరువు కంటే ముందు చోటు నిండిపోతుంది. కొలత తగ్గించి రాసినవారి భారం సరిగ్గా రాసినవారి మీద పడకూడదు.

గుంటూరు పచ్చళ్ల అమ్మకందారు:
పచ్చడి సీసాలకు బరువే ఎక్కువ కనుక ఉబ్బు గొడవ నాకు లేదు, అయినా తూకం తేడా పేరుతో మూడుసార్లు కోశారు. టేపు వేసిన తర్వాత పెట్టెను కాటా మీద పెట్టి, పక్కనే కొలత టేపు పరిచి, లేబుల్ కనబడేలా ఫోటో తీసి ఉంచడం వల్ల రెండుసార్లు డబ్బు వెనక్కి వచ్చింది. మూడోసారి ఫిర్యాదుకు ఇచ్చిన ఏడు రోజుల గడువు సంక్రాంతి రద్దీలో దాటిపోయింది. మీ ఒప్పందంలో ఏ సంఖ్యతో భాగిస్తారో కూడా చూసుకోండి. 4000 అయితే మీ పెట్టె ఉబ్బకుండానే 3 కిలోలవుతుంది.

విజయవాడ బొమ్మల అమ్మకందారు:
ఒప్పందం చూశాను, అందులో 5000 అనే ఉంది. హబ్‌లో పనిచేసినవారు చెప్పిన ఉబ్బు మాట నిజమే. రాత్రి అలాంటి పెట్టెనే కట్టి కొలిస్తే 31×21×21.5 వచ్చింది, అంటే 2.8 కిలోలు. కాబట్టి 3 కిలోల ఛార్జీ వేస్తే నేను కట్టవలసిందే. మిగిలిన అరకిలో మాటేమిటి? వ్యాపారంలో వాడే తూనిక, కొలత సాధనాలకు తనిఖీ ముద్ర ఉండాలని 2009 నాటి తూనికలు కొలతల చట్టం చెబుతోంది. కిరాణా కొట్టులో కాటా మన కళ్లెదుటే ఉంటుంది, ముల్లు తేడాగా ఉంటే అక్కడే అడుగుతాం. ఇక్కడ కొలిచేదీ వారే, నా వాలెట్ తాళమూ వారి చేతిలోనే. ముందు ఫోటో, కొలిచిన తేదీ పంపి, నా జవాబుకు గడువిచ్చి, ఆ తర్వాతే కోయమంటున్నాను. ఫిర్యాదు గడువు ఇంకా రెండు రోజులుంది. రాత్రి తీసిన ఫోటోలు జతచేసి, అరకిలో డబ్బు మాత్రమే వెనక్కి ఇమ్మని ఇప్పుడే రాశాను.