పెళ్లి బ్యాండు నుంచి సినిమా సంగీతానికి దారి ఉందా?

ప్రశ్న (బరంపురం): పన్నెండేళ్లుగా పెళ్లి ఊరేగింపుల్లో క్లారినెట్ వాయిస్తున్న నాకు సినిమాలకు సంగీతం కూర్చాలని గాఢమైన కోరిక ఉంది. డాన్స్ బ్యాండు నుంచి అలా ఎదిగినవారు ఎవరైనా ఉన్నారా అండీ?

జవాబు (పర్లాకిమిడి): అమెరికా సినీ సంగీతకర్త హెన్రీ మాన్సినీ ఉన్నారండీ. 1946లో, అప్పటికే కన్నుమూసిన ప్రసిద్ధ బ్యాండు నాయకుడు గ్లెన్ మిల్లర్ పేరు మీద టెక్స్ బెనికీ నడిపిన డాన్స్ బ్యాండులో పియానో వాయిస్తూ, ఏ వాద్యం ఏ స్వరం పలకాలో రాసిపెట్టే పని కూడా చేసి, 1952లో యూనివర్సల్ స్టూడియోలో చేరారు. 1958లో ‘పీటర్ గన్’ అనే టీవీ ధారావాహికకు ఆయన కూర్చిన బాణీలో గిటారు, పియానో కలిసి ఒకే మంద్ర స్వరవరుసను ఆపకుండా వాయిస్తూ ఉంటాయి. ఆ పియానో వాయించినది, తర్వాత ‘స్టార్ వార్స్’ సినిమాకు సంగీతం కూర్చిన జాన్ విలియమ్స్ కావడం నాకెంతో ఇష్టమైన సంగతి. 1961 నాటి ఒక సినిమాకు మాన్సినీ రెండు ఆస్కార్లు అందుకున్నారు.

జవాబు (గుణుపురం): తమ్ముడూ, ఇందులో అసలు కీలకం ఆ రాసే పనే. మీ మేళంలోని ట్రంపెట్‌కూ సాక్సఫోన్‌కూ వేరువేరు వరుసలు కాగితం మీద రాసి, ఈసారి రిహార్సల్‌లోనే వాయించి చూడండి.