వాలు కప్పుకు మార్కాపురం పలకరాయా, తయారీ పలకలా?

ప్రొద్దుటూరు ఇల్లు:
ప్రొద్దుటూరులో మేము కట్టుకుంటున్న ఇంటికి పై అంతస్తులో ఒక గది, దాని ముందు వరండా వాలు కప్పుతో వస్తున్నాయి. కాంక్రీటు స్లాబునే వాలుగా పోసి, దానిమీద పలకలు వేయాలని అనుకున్నాము. మేస్త్రీ మార్కాపురం పలకరాయి వేయమంటున్నాడు. మా బావమరిది మాత్రం సిమెంటులో పీచు కలిపి అచ్చుపోసిన తయారీ పలకలు చాలంటున్నాడు. విస్తీర్ణం 60 చదరపు మీటర్లు. అనుభవమున్నవారు చెప్పగలరు.

బేతంచెర్ల బండలు:
ఇరవై ఏళ్లుగా బండల వ్యాపారంలో ఉన్నవాడిగా చెబుతున్నాను, రాయే వేయండి. తయారీ పలకల్లో చాలావాటికి రంగు పైపూత మాత్రమే కాబట్టి మన ఎండలకు అది వెలిసిపోతుంది. రాయి రంగు రాయిలోనే ఉంటుంది. మార్కాపురం దాకా పోనవసరం కూడా లేదు. మన కడప నల్లబండ కూడా పలకరాయే, సన్నగా చీల్చినది తక్కువ ధరకే దొరుకుతుంది.

పెన్నా గట్టు:
చివరి వాక్యం తప్పు. కడప నల్లబండ సున్నపురాయి. మార్కాపురం పలక బంకమట్టి పొరలు భూగర్భంలో ఒత్తిడికి, వేడికి గట్టిపడి ఏర్పడినది. అనుమానముంటే నల్లబండ మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడండి, మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఇలాగే పలకరాయి అని చెప్పి నాకొక దుకాణదారు నల్లబండ అంటగట్టగా, రెండు వానాకాలాలకు పోర్టికో కప్పంతా తెల్లబారింది. అడిగితే, రాతి స్వభావమే అంత అన్నాడు.

గవాచి:
రెండూ వద్దు, చదునుగా మిద్దె వేసుకోండి. వాలు కప్పు మీద వడియాలు ఎక్కడ పెట్టుకుంటారు, ఎండాకాలం రాత్రి ఎక్కడ పడుకుంటారు?

బేతంచెర్ల బండలు:
పెన్నా గట్టు గారూ, పలకగా చీలేది పలకరాయి అని మా తాతల కాలం నుంచి అంటున్నాము. దూలాల మీద దంతెలు వేసి, వాటిపై బండలు పరచి, పైన సవుడు మన్ను పోసిన మిద్దెలు మా ఊళ్లో నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిని వానలు కరిగించలేదే?

పెన్నా గట్టు:
ఆ బండ మీద జానెడు మన్ను ఉంది, వాన దానిని తాకనే లేదు. పైగా అది మందపు బండ. ఇక్కడ మాట్లాడుతున్నది ఎండకు, వానకు నేరుగా నిలిచే ఐదారు మిల్లీమీటర్ల పలక గురించి. వాడుకలో ఏమైనా అనుకోండి, అమ్మేటప్పుడు మాత్రం సున్నపురాయిని సున్నపురాయి అనే అమ్మాలి.

కర్నూలు కట్టడం:
పేరు సంగతి అటుంచి ప్రశ్నకు జవాబు చెబుతాను. సహజ పలక చదరపు మీటరుకు సుమారు 25 నుంచి 35 కిలోలు, పీచు సిమెంటు పలక 20 కిలోల వరకు తూగుతాయి; స్లాబు మీద వేస్తారు కాబట్టి ఈ తేడా లెక్కలోనిది కాదు. రాయి కొనేటప్పుడు వేలితో కొట్టి చూడండి, మంచి పలక కంగుమని మోగుతుంది. సగం వరకు నీటిలో నిలబెట్టి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి తడి బాగా పైకి పాకితే ఆ పలక వద్దు. పసిడి రంగు మెరుపు చుక్కలుంటే అది ఇనుప గంధకం కావచ్చు, తర్వాత తుప్పు చారలు కారతాయి. సిమెంటు గచ్చుతో అతికించకుండా స్లాబు మీద పట్టీలు బిగించి, రాగి మేకులతో వేయించండి. అడుగున గాలి ఆడితే గదికి వేడి తగ్గుతుంది. రాతి కప్పులు చాలాచోట్ల పాడయ్యేది రాయి చెడి కాదు, మామూలు మేకు తుప్పు పట్టి. తయారీ పలక కొంటే ఆస్బెస్టాస్ లేదని రాతపూర్వకంగా తీసుకోండి.

బేతంచెర్ల బండలు:
ఇంత వివరంగా చెప్పారు, సంతోషం. అయితే పెన్నా గట్టు గారు ప్రతి చర్చలోనూ రాయి అమ్మేవారిని మోసగాళ్లుగానే ఎందుకు చూపుతున్నారో నాకు అర్థం కావడం లేదు. టైల్స్ వచ్చాక నా మిల్లులో రెండు కోత యంత్రాలు ఆగిపోయాయి. పద్నాలుగు మంది పనిచేసిన చోట ఇప్పుడు ఆరుగురున్నారు. ఇక్కడ తేలికగా రాసే ఒక్కొక్క మాట వారి కూలి మీద పడుతుంది.

పెన్నా గట్టు:
కూలి మాట మీరే తెచ్చారు కనుక చెబుతున్నాను. మా నాన్న మార్కాపురంలో బడిపిల్లలు రాసుకునే పలకలు కోసేవాడు. పలకరాయిలో ఇసుకలో ఉండే సిలికా ఎక్కువ. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. సిలికోసిస్ అని తేలేనాటికి ఆయన నలభై దాటలేదు. సున్నపురాయి దుమ్ములో సిలికా సాధారణంగా అంతకంటే చాలా తక్కువ. ఆ రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే నేను ఊరుకోలేకపోవడానికి కారణం ఇదే. పోర్టికో సంగతి నాకు పెద్ద నష్టమేమీ కాదు. నేను తయారీ పలక వైపు మొగ్గుతున్నది కూడా ఇందుకే, అందం కోసం కాదు.

బేతంచెర్ల బండలు:
నాన్నగారి విషయం నాకు తెలియదు, క్షమించండి. నల్లబండను పలకరాయి అనడం నా పొరపాటే. కానీ తయారీ పలకలోనూ సిమెంటుతో పాటు ఇసుక ఉంటుంది. ఇంటి దగ్గర గ్రైండరుతో పొడిగా కోస్తే అదే దుమ్ము ఆ కుర్రవాడి ముక్కులోకి పోతుంది. అక్కడ దానిని చూసేవారు కూడా ఉండరు. మా మిల్లులో కోతకు నీళ్లు పెట్టి పదేళ్లయింది.

పెన్నా గట్టు:
అది నిజమే. నేను ఆ వైపు ఆలోచించలేదు. అయినా గనిలో, చీల్చే చోట నీళ్లు ఎవరు పెడుతున్నారన్నది మిగిలే ఉంది.

గవాచి:
అందుకే మిద్దె అన్నాను.

ప్రొద్దుటూరు ఇల్లు:
అందరికీ కృతజ్ఞతలు. నాలుగు మార్కాపురం పలకలు తెప్పించి బక్కెట్లలో నిలబెట్టాను. మూడు నిలిచాయి, ఒకదానిలో తడి పైదాకా పాకింది. ఏది వేసినా పైకి గొట్టం లాగి నీళ్లు పోస్తూనే కోయాలని మేస్త్రీతో మాట్లాడుకున్నాను, దానికి రోజుకు మరో మనిషి కూలి అడిగాడు, ఒప్పుకున్నాను. రాగి మేకులు మాత్రం ఇక్కడ ఏ దుకాణంలోనూ లేవు. కర్నూలులో ఎక్కడ దొరుకుతాయో తెలిసినవారు చెప్పగలరు.