జాజ్ బాస్: ఫ్లాట్స్ తీసి రౌండ్స్ వేశాక వచ్చే శబ్దాలు తగ్గించడం ఎలా?

లోఎండ్_కాకినాడ

నాది పాసివ్ (బ్యాటరీ లేని) జాజ్ బాస్ గిటార్, 34 అంగుళాల స్కేల్ (స్ట్రింగ్ మోగే పొడవు), ఫ్రెట్‌బోర్డ్ రేడియస్ (పలక వంపు) 9.5 అంగుళాలు. ఇన్నాళ్లూ 45-105 (స్ట్రింగ్ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఫ్లాట్‌వౌండ్స్ (పట్టీ తీగ చుట్టినవి) ఉండేవి. చర్చిలో కొత్త పాటలకు అటాక్ (నోట్ మొదట్లోని పదును) చాలడం లేదని 45-100 నికెల్ రౌండ్‌వౌండ్స్ (గుండ్రటి తీగ చుట్టినవి) వేశాను. టోన్ నచ్చింది, కానీ మూడు శబ్దాలు వదలట్లేదు.

1. పొజిషన్ మారినప్పుడల్లా 3, 4 స్ట్రింగ్స్ (లావువి) మీద కీచుమంటోంది. రికార్డింగ్‌లో మరీ ఎక్కువ.
2. 4వ స్ట్రింగ్ మొదటి ఐదు ఫ్రెట్లలో టకటకమని ఫ్రెట్‌కు కొట్టుకుంటోంది.
3. 3వ స్ట్రింగ్ ఓపెన్‌గా కొడితే జీరగా బజ్. ఏ ఫ్రెట్ నొక్కినా పోతోంది.

యాంప్‌లో ట్రెబుల్ తగ్గిస్తే అన్నీ కాస్త తగ్గుతున్నాయి గానీ, అప్పుడిక రౌండ్స్ వేసి లాభమేంటి?

ట్రస్‌రాడ్

మూడింటికీ కారణం ఒకటి కాదండీ. ఈక్యూ (ట్రెబుల్ లాంటి నాబ్‌ల) జోలికి ఇప్పుడే వెళ్లకండి. రెండోది, మూడోది సెటప్‌వి (బాస్ సర్దుబాటువి), మొదటిది చేతిది. సెటప్ అయ్యాకే చేతి సంగతి.

చాలా ఫ్లాట్ సెట్లకు టెన్షన్ ఎక్కువ. ఆ లాగుడుకు తగ్గట్టు మీ ట్రస్ రాడ్ (నెక్ లోపలి కడ్డీ) బిగించి ఉంటుంది. ఇప్పుడు లాగుడు తగ్గింది, రాడ్ మాత్రం అంతే బిగువుగా ఉంది. నెక్ నిటారైపోయి, ఒక్కోసారి వెనక్కి కూడా వంగి, మొదటి ఫ్రెట్ల దగ్గర స్ట్రింగ్ ఊగడానికి చోటుండదు. మీ టకటక అక్కడిదే. (థోమాస్టిక్ జాజ్ ఫ్లాట్స్ లాంటి వదులు సెట్ నుంచి మారేవాళ్లకు ఇది తలకిందులు. రౌండ్స్ వేయగానే యాక్షన్ (ఫ్రెట్ల మీద స్ట్రింగ్ ఎత్తు) పైకి లేస్తుంది.)

ట్యూన్ చేసి, బాస్‌ను వాయించే తీరులోనే ఒళ్లో పెట్టుకోండి. 1వ ఫ్రెట్‌కు కాపో (స్ట్రింగ్స్‌ను నొక్కి పట్టే క్లిప్) పెట్టి, నెక్ బాడీలో కలిసే చోటి ఫ్రెట్ దగ్గర 4వ స్ట్రింగ్ నొక్కి పట్టి, 8వ ఫ్రెట్‌కూ స్ట్రింగ్‌కూ మధ్య సందు (రిలీఫ్) కొలవండి. మీ రేడియస్‌కు 0.3 మి.మీ. ఉండాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకులు) ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో దొరుకుతుంది, దాని కోసం మ్యూజిక్ షాపు వెతకక్కర్లేదు. సందు తక్కువుంటే ట్రస్ రాడ్ చివరి మరను గడియారానికి ఎదురు దిశలో పావు చుట్టు వదులు చేసి, మళ్లీ ట్యూన్ చేసి, మర్నాడు కొలవండి. చెక్క నెమ్మదిగా సర్దుకుంటుంది. అదే పూట మళ్లీ మళ్లీ తిప్పితే తెల్లారేసరికి యాక్షన్ లేచిపోతుంది.

శాడిల్స్ (బ్రిడ్జ్‌లో స్ట్రింగ్ ఆనే ముక్కలు) ఆ తర్వాతే. 17వ ఫ్రెట్ దగ్గర 4వ స్ట్రింగ్ కింద 2.4 మి.మీ., 1వ స్ట్రింగ్ కింద 2 మి.మీ. రిలీఫ్ సరిచేయకుండా శాడిల్స్ ఎత్తి బజ్ పోగొట్టాలని చూస్తే పై ఫ్రెట్లు వాయించడం కష్టమవుతుంది, కింది టకటక పూర్తిగా పోదు. పనిలో పనిగా శాడిల్ ఎత్తు మార్చే గ్రబ్ స్క్రూలు రెండూ బ్రిడ్జ్ ప్లేట్‌కు ఆనుతున్నాయో లేదో చూడండి. టెన్షన్ తగ్గాక ఒకటి గాల్లో ఉండిపోతే అదే గలగలమంటుంది.

ఇక ఓపెన్ స్ట్రింగ్ బజ్. నట్‌కూ (నెక్ చివర స్ట్రింగ్స్ గాడుల్లో ఆనే ముక్క) ట్యూనర్‌కూ మధ్య 3వ స్ట్రింగ్‌ను వేలితో కిందికి నొక్కుతూ కొట్టి చూడండి. బజ్ ఆగితే నట్ అరిగినట్టు కాదు, స్ట్రింగ్ నట్ మీద గట్టిగా కూర్చోవట్లేదని అర్థం. జాజ్ బాస్‌లో స్ట్రింగ్ ట్రీ (ట్యూనర్ల దగ్గరి చిన్న బిళ్ల) 1, 2 స్ట్రింగ్స్‌నే అదిమి పడుతుంది. 3వ దానికి ఆ వాలు ట్యూనర్ పోస్ట్ మీది చుట్ల నుంచే రావాలి. ఎన్ని చుట్లున్నాయి?

లోఎండ్_కాకినాడ

రిలీఫ్ 0.1 మి.మీ. ఉంది. నట్ వెనక నొక్కితే బజ్ పూర్తిగా ఆగింది. పోస్ట్ మీద రెండే చుట్లు, అవీ పైకి ఎక్కుతున్నాయి.

ట్రస్‌రాడ్

అయితే దొరికినట్టే. స్ట్రింగ్ వదులు చేసి అదే పొడవుతో మళ్లీ చుట్టండి, ప్రతి చుట్టూ ముందుదాని కిందికి వచ్చేలా వేలితో తోస్తూ. రెండు చుట్లే అయినా రెండోది పోస్ట్ అడుగుకు దిగితే చాలావరకు సరిపోతుంది. తర్వాతి సెట్‌కు ట్యూనర్ దాటాక 10-12 సెం.మీ. ఉంచి కోయండి, మూడు చుట్లు వస్తాయి. కోసే చోటికి కాస్త ముందు స్ట్రింగ్‌ను 90 డిగ్రీలు వంచి, ఆ వంపు అవతల కోయాలి. వంచకుండా కోస్తే పై చుట్టు తీగ కోర్ (లోపలి తీగ) మీద జారి వదులైపోవచ్చు, ఆ స్ట్రింగ్ ఇక సరిగ్గా మోగదు. చివరగా నట్ ముందు, శాడిల్ ముందు స్ట్రింగ్‌ను బొటనవేలితో ఒకసారి మెల్లగా అదమండి. కొత్త స్ట్రింగ్ అక్కడ విల్లులా వంగి ఉంటుంది, అది పోతే ఇంటొనేషన్ (ఫ్రెట్ల మీద శ్రుతి) కూడా నిలబడుతుంది.

నోట్_ఆఫ్

కీచు గురించి నేను చెప్తాను. రౌండ్స్ పైచుట్టు గుండ్రటి తీగ. ఒక్కో చుట్టుకూ మధ్య గాడి ఉంటుంది, వేలు జారేటప్పుడు ఆ గాడులన్నిటినీ గీరుతుంది. ఫ్లాట్స్ పట్టీ తీగ కాబట్టి ఇన్నాళ్లూ ఈ జారుడు అలవాటు మీకు వినపడలేదు.

నోట్ అయ్యాక వేలి ఒత్తిడి వదలండి కానీ స్ట్రింగ్‌ను తాకుతూనే ఉండండి, మోత ఆగిపోతుంది. తర్వాత వేలు నిటారుగా పైకెత్తి, చెయ్యి జరిపి, కొత్త చోట దించండి. ఎత్తి జరపాలి, రుద్దుతూ జరపకూడదు. మెట్రోనోమ్ 60 మీద 3వ ఫ్రెట్ నుంచి 8వ ఫ్రెట్‌కూ వెనక్కీ, 4వ స్ట్రింగ్ ఒక్కదాని మీదే సాధన చేయండి. యాంప్ ఆపేసి చేస్తే గీర స్పష్టంగా తెలుస్తుంది. వేలు ఎత్తినప్పుడు ఓపెన్ స్ట్రింగ్ మోగితే కుడి బొటనవేలితో ఆపండి: 2వ స్ట్రింగ్ కొడుతున్నప్పుడు బొటనవేలు 3వ దాని మీద ఆని, దాని పక్క 4వ దాన్ని తాకాలి. పాటలో ఓపెన్ నోట్ ఉన్నచోట చెయ్యి మార్చుకుంటే ఇంకా మంచిది, కీచు వచ్చినా ఆ నోట్ కప్పేస్తుంది.

రికార్డింగ్‌లో ఎక్కువ వినపడటానికి కంప్రెసర్ (శబ్దాల హెచ్చుతగ్గులు సమం చేసేది) కారణం కావచ్చు. నోట్ల మధ్య సందులో అది వదిలేయగానే కీచు పైకి లేస్తుంది. దాని రేషియో, మేకప్ గెయిన్ తగ్గించి వినండి. క్యాబినెట్‌లో ట్వీటర్ (సన్నటి శబ్దాల చిన్న స్పీకర్) ఉంటే ట్రెబుల్ కన్నా ముందు దాన్ని తగ్గించండి. బాస్ మీద టోన్ నాబ్ సగానికి తెచ్చినా అటాక్ మిగులుతుంది. బ్రిడ్జ్ పికప్ వాల్యూమ్ మాత్రం ఈ పనికి వాడొద్దు. జాజ్ బాస్‌లో రెండు పికప్స్ సమానంగా ఉన్నప్పుడే హమ్ (కరెంట్ మోత) రద్దవుతుంది, ఒకటి తగ్గిస్తే కీచు పోయి హమ్ వస్తుంది.

వాయించాక పొడిగుడ్డతో తుడవండి. చెమట జిడ్డు పట్టిన రౌండ్స్ ఇంకా ఎక్కువ గీరతాయి.

సైడ్‌మ్యూట్

ఇంత చేసినా కీచు నచ్చకపోతే హాఫ్‌రౌండ్స్ చూడండి. రౌండ్‌వౌండ్ పైభాగాన్ని సానబట్టి నున్నగా చేసినవి, మెరుపు కొంత తగ్గుతుంది, గీర బాగా తగ్గుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ వైపు వెళ్లకండి, నికెల్ కన్నా గరుకు.

నైలాన్ టేప్‌వౌండ్స్ వేయమని ఎవరైనా అంటే రెండు విషయాలు. నైలాన్‌లోంచి కరెంట్ పోదు, కాబట్టి స్ట్రింగ్ మీద చెయ్యి పెడితే తగ్గే కరెంట్ బజ్ ఇక తగ్గదు. క్యావిటీకి (బాడీలో వైర్లుండే గుంట) కాపర్ టేప్ షీల్డింగ్ కావాల్సి రావచ్చు. రెండోది, కొన్ని సెట్లు 60-115 దాకా లావు. నట్ గాడి వెడల్పు చేస్తే తప్ప కూర్చోవు. అలా ఫైల్ చేసిన గాడిలో తర్వాత 45-100 వేస్తే పక్కలకు ఆడి మళ్లీ గలగలమంటుంది. కాబట్టి ఉన్న నట్‌ను ముట్టుకోకుండా తీసి దాచి, టేప్‌వౌండ్స్‌కు వేరే నట్ కోయించండి.