అమతెరాసు కణం ఖాళీలోంచి వచ్చిందా, అయస్కాంత క్షేత్రం దారి మళ్లించిందా?

ఖగోళప్రియ:
2021 మే 27న అమెరికాలోని యూటా ఎడారిలో ఉన్న టెలిస్కోప్ అర్రే అనే డిటెక్టర్ల సముదాయం ఒక కాస్మిక్ కిరణాన్ని, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చిన కణాన్ని, పట్టుకుంది. దాని శక్తి 244 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే ఒక్క కణంలో దాదాపు 40 జౌల్స్. జెనీవా దగ్గరున్న భారీ కణ త్వరణ యంత్రం ఎల్‌హెచ్‌సీలో ఒక ప్రోటాన్‌కి ఇచ్చే శక్తికి ఇది మూడున్నర కోట్ల రెట్లు. డేటాలో దీన్ని గమనించిన తోషిహిరో ఫుజీ, ఆయన సహచరులు దీనికి జపాన్ సూర్యదేవత అమతెరాసు పేరు పెట్టి 2023 నవంబరులో సైన్స్ పత్రికలో ప్రచురించారు.

చిక్కల్లా అది వచ్చిన దిక్కుతోనే. అటు లోకల్ వాయిడ్ ఉంది, గెలాక్సీలు దాదాపు లేని చోటు. పోనీ దాని వెనకాల ఎక్కడో దూరం నుంచి వచ్చిందనుకుందామా అంటే అదీ కుదరదు. ఇంత శక్తి ఉన్న కణం విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ కాంతిని ఢీకొంటూ దారిలోనే శక్తి పోగొట్టుకుంటుంది. గ్రైజెన్, జాట్సెపిన్, కుజ్మిన్ 1966లోనే ఈ సంగతి చెప్పారు. కాబట్టి దగ్గర్లోనే పుట్టి ఉండాలి, ఆ దిక్కున దగ్గర్లో ఏమీ కనబడదు. అయస్కాంత క్షేత్రాలు దాన్ని వంచాయని ఎక్కువమంది అంటున్నారు. మీకు ఇది నమ్మదగ్గ మాటేనా?

ట్రాన్స్‌ఫార్మర్:
నాకు నమ్మకం లేదు. ముప్పై ఏళ్లు విద్యుత్ శాఖలో అయస్కాంత క్షేత్రాలతోనే పనిచేశాను. గెలాక్సీలో క్షేత్రం ఎంత? కొన్ని మైక్రోగాస్ (గాస్ అంటే క్షేత్ర బలానికి కొలమానం, మైక్రోగాస్ అందులో పది లక్షలో వంతు). మన కాళ్ల కింద భూమి క్షేత్రమే అర గాస్ ఉంటుంది, దానికి లక్ష రెట్లు పైనే. అంత బలమైన భూమి క్షేత్రం ఈ కణాన్ని కదిలించలేదని అందరూ ఒప్పుకుంటారు. మరి లక్షో వంతు కూడా లేని క్షేత్రం ఎలా వంచుతుంది? మూలం దొరకనప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మీదకి నెట్టేయడం అలవాటైపోయింది.

ఫిజిక్స్ మాస్టారు:
అయ్యా, మీరు క్షేత్రం బలం ఒక్కటే చూస్తున్నారు. కణం ఎంత వంగుతుందన్నది క్షేత్రం బలాన్ని, అందులో అది ప్రయాణించిన దూరాన్ని గుణిస్తే తేలుతుంది. భూమి క్షేత్రం అర గాస్ ఉన్నా అది వ్యాపించింది కొన్ని వేల కిలోమీటర్లే. గెలాక్సీలో 3 మైక్రోగాస్ క్షేత్రం వేల కాంతి సంవత్సరాల పొడవునా ఉంటుంది. రెండూ గుణించి చూడండి, గెలాక్సీ ప్రభావం కోటి రెట్లకు పైగా తేలుతుంది. ఇంటర్మీడియట్ పిల్లలు వేసే లెక్క ఇది.

తుంగభద్ర:
అయస్కాంతం వంచితే శక్తి తగ్గదా? తగ్గితే బయల్దేరినప్పుడు ఇంకెంత ఉండి ఉండాలి?

ఫిజిక్స్ మాస్టారు:
తగ్గదు తమ్ముడూ. అయస్కాంత బలం ఎప్పుడూ ప్రయాణ దిశకు లంబంగా ఉంటుంది. దిక్కు మారుతుంది, శక్తి మారదు. శక్తి పోయేది మైక్రోవేవ్ కాంతి వల్ల.

ట్రాన్స్‌ఫార్మర్:
ఇంటర్ పిల్లల లెక్క అన్నారు కదా, నేనూ వేశాను. 244 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ 3 మైక్రోగాస్ క్షేత్రంలో తిరిగే వృత్తం వ్యాసార్ధం దాదాపు 2 లక్షల 90 వేల కాంతి సంవత్సరాలు. మన గెలాక్సీ పళ్లెం వెడల్పే సుమారు లక్ష. ఆ వృత్తంలో 3 వేల కాంతి సంవత్సరాలు నడిస్తే వంపు అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ. చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ ఉంటుంది. ఆకాశంలో అంత జరిగితే లోకల్ వాయిడ్ దాటి బయటికి వస్తామా? మీ సూత్రంతోనే మీ వాదన వీగిపోయింది.

ఉత్తరద్వారం:
లెక్క సరిగ్గానే ఉంది. మాస్టారు ఏమంటారో చూడాలి.

ఫిజిక్స్ మాస్టారు:
ప్రోటాన్ అని మీకెవరు చెప్పారు? విద్యుదావేశం ఎంత ఎక్కువైతే వంపు అంత ఎక్కువ. ఇనుము కేంద్రకం అయితే ఆవేశం 26. మీ 2 లక్షల 90 వేలు కాస్తా 11 వేలకు పడిపోతుంది. అదే 3 వేల కాంతి సంవత్సరాల దూరానికి వంపు 15 డిగ్రీలు అవుతుంది. పళ్లెం పైనా కిందా ఉన్న హేలోలోనూ క్షేత్రం ఉంది, దాన్నీ కలిపితే ఇంకా పెరుగుతుంది.

ఇనుము అన్నది నేను గాల్లోంచి తీసిన మాట కాదు. అర్జెంటీనాలో మలార్గ్యే దగ్గర పియర్ ఆజే అబ్జర్వేటరీ ఉంది. 3 వేల చదరపు కిలోమీటర్ల మేర 1600కు పైగా నీటి ట్యాంకులు పరిచారు. కణం వాతావరణంలో పుట్టించే చిన్న కణాల జల్లు ఏ ఎత్తులో పతాక స్థాయికి చేరుతుందో ఏళ్ల తరబడి కొలిచారు. శక్తి పెరిగేకొద్దీ సగటున బరువైన కేంద్రకాలే ఎక్కువవుతున్నాయని తేలింది.

ట్రాన్స్‌ఫార్మర్:
సగటు గురించి నేను అడగలేదు, ఈ కణం సంగతి చెప్పండి. జల్లు పతాక స్థాయి చూడాలంటే, జల్లు వల్ల గాలిలో పుట్టే మసక వెలుగును పట్టే ఫ్లోరసెన్స్ టెలిస్కోపులు కావాలి. అవి చీకటి రాత్రుల్లోనే పనిచేస్తాయి. 2021 మే 26 పౌర్ణమి. 27 తెల్లవారుజామున వెన్నెల ఉంది, టెలిస్కోపులు మూసి ఉన్నాయి. నేల మీది 23 డిటెక్టర్లు మాత్రమే దీన్ని చూశాయి. కాబట్టి ఇది ప్రోటానో ఇనుమో చెప్పే ఆధారం మీ దగ్గర లేదు. ఎక్కువ వంపు కావాల్సి వచ్చినప్పుడు ఇనుము అంటారు, తక్కువ కావాలంటే ప్రోటాన్ అంటారు. ఇది నాకు మింగుడుపడటం లేదు.

సాల్ట్‌లేక్ తెలుగు:
టెలిస్కోప్ అర్రే మాకు దగ్గరే. డెల్టా ఊరి పక్క ఎడారిలో 1.2 కిలోమీటర్లకొకటి చొప్పున 507 డిటెక్టర్లు ఉన్నాయి, మొత్తం దాదాపు 700 చదరపు కిలోమీటర్లు. ఫ్లోరసెన్స్ గురించి ఆయన చెప్పింది నిజం.

రేపల్లె కుర్రాడు:
మన గెలాక్సీ మధ్యలో పెద్ద బ్లాక్ హోల్ ఉంది కదా, అక్కడినుంచే వచ్చి ఉండొచ్చుగా? ఇంత చర్చ ఎందుకు?

ఖగోళప్రియ:
అలా అనుకోవడం కష్టమండీ. ఆజే బృందం 2017లో 8 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన కణాలను లెక్కగడితే ఆకాశంలో ఒక పక్క నుంచి కాస్త ఎక్కువగా వస్తున్నాయని తేలింది. తేడా 6.5 శాతం. ఆ పక్క గెలాక్సీ కేంద్రానికి దాదాపు 125 డిగ్రీల దూరంలో ఉంది. కేంద్రం నుంచి వస్తుంటే అటే ఎక్కువ కనిపించాలి.

ట్రాన్స్‌ఫార్మర్:
మాస్టారూ, జవాబు రాలేదు. ప్రోటాన్ కాదని ఎలా చెబుతున్నారు?

ఫిజిక్స్ మాస్టారు:
కాదని నేను ఎక్కడ అన్నాను? ఇనుము కావచ్చు అన్నాను. మీకు ఏదో ఒకటి ఖాయంగా కావాలి. ముప్పై నాలుగేళ్లు క్లాసులో నిలబడినవాడిని. ఈ కణం వార్త వచ్చిన వారం నా దగ్గర ట్యూషన్ చదివే పిల్లలు ఏదో వీడియో చూసి, ఇంకో విశ్వం నుంచి వచ్చింది సార్ అని వాదించారు. కాదు నాయనా, వంపు లెక్క చూద్దాం రా అంటే, మీకు కొత్త విషయాలు తెలియవు సార్ అన్నాడొకడు. ఖాళీలోంచి వచ్చిందని పట్టుబట్టి రాసే ప్రతి పోస్టూ ఆ వీడియోలకు బలం ఇస్తుంది. నా బాధ అది.

ట్రాన్స్‌ఫార్మర్:
వీడియోలకూ నాకూ సంబంధం లేదు. ఇంకో విశ్వం అని నేను రాశానా? మీ పిల్లల మీద కోపం నా మీద చూపిస్తున్నారు. నా అనుభవమూ వినండి. ఒక కాలేజీలో సైన్స్ దినోత్సవం రోజు ఒక పెద్దాయన కాస్మిక్ కిరణాల మీద ఉపన్యాసం ఇచ్చారు. నేను లేచి, అయస్కాంత క్షేత్రం వంచింది అన్న మాట తప్పని ఎప్పుడైనా రుజువయ్యే అవకాశం ఉందా అని అడిగాను. మీ స్థాయికి తగ్గ ప్రశ్న అడగండి అన్నారు. రెండు వందల మంది ముందు. ఆయన జవాబు చెప్పి ఉంటే ఈ చర్చలో నేను ఇంత రాసేవాడిని కాదు.

తుంగభద్ర:
ఇద్దరూ పెద్దవాళ్లు. దయచేసి వ్యక్తిగతంగా వెళ్లకండి.

ఖగోళప్రియ:
ట్రాన్స్‌ఫార్మర్ గారూ, ఉపన్యాసంలో మీరడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న అనిపిస్తోంది. క్షేత్రం వంచగలదా అన్న దగ్గర మీ ఇద్దరి లెక్కా ఒకటే. ప్రోటాన్‌కి అర డిగ్రీ, ఇనుముకి 15 డిగ్రీలు. ఏ ఫలితం వచ్చినా సరిపోయే వివరణ అసలు వివరణేనా అని మీరు అడుగుతున్నారు. అంతేనా?

ట్రాన్స్‌ఫార్మర్:
అంతే అమ్మా. ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను. 2007లో ఆజే వాళ్లు ఒక ఫలితం ప్రకటించారు. 57 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన 27 కణాల్లో 20, చురుకైన కేంద్రకాలున్న (నడిబొడ్డున బ్లాక్ హోల్ పదార్థాన్ని మింగుతూ వెలిగే) దగ్గరి గెలాక్సీలకు 3.1 డిగ్రీల లోపలే ఉన్నాయన్నారు. పేపర్లో చదివి ఎంత సంబరపడ్డానో! మూలం దొరికింది, కాస్మిక్ కిరణాలతో ఆకాశాన్ని చదవొచ్చు అని మా అబ్బాయికి గంటసేపు చెప్పాను. తర్వాత ఆ సంబంధం సన్నగిల్లింది. అప్పుడు వంపు తక్కువ అన్నారు, ఇప్పుడు వంపు ఎక్కువ అంటున్నారు. మధ్యలో గెలాక్సీ క్షేత్రమేమీ మారలేదు కదా.

ఫిజిక్స్ మాస్టారు:
క్షేత్రం మారలేదు, కణాల గురించి మనకు తెలిసింది మారింది. 2007లో వాటిలో ఎక్కువ ప్రోటాన్లే అని చాలామంది అనుకున్నారు. కణాలు 69 అయ్యాక 2010లో అదే బృందం, ఆ వాటా 38 శాతానికి తగ్గిందని తానే ప్రచురించింది. యాదృచ్ఛికంగానే 21 శాతం సరిపోతాయి కాబట్టి మిగిలిన సంబంధం బలహీనమే. ఎవరూ దాచిపెట్టలేదు. పేపర్లు మొదటిది వేశాయి, రెండోది వేయలేదు.

ఇక మీ ప్రశ్న. మీ స్థాయి అన్న మాట తప్పు, ఎవరన్నా తప్పే. జవాబు ఇది. గెలాక్సీ క్షేత్రాన్ని ఎవరూ ఊహించి రాయడం లేదు. దూరపు గెలాక్సీల నుంచి, పల్సార్ల (గిర్రున తిరిగే మృత నక్షత్రాల) నుంచి వచ్చే రేడియో తరంగాల ధ్రువణ తలం, అంటే తరంగం ఊగే తలం, క్షేత్రం గుండా వస్తూ తిరుగుతుంది. దాన్ని ఫారడే భ్రమణం అంటారు. వేల దిక్కుల్లో అది కొలిచి క్షేత్రానికి పటం గీస్తారు. మైకేల్ ఉంగర్, గ్లెనిస్ ఫారర్ అనే శాస్త్రవేత్తలు ఒక పటం కాకుండా ఎనిమిది రకాల నమూనాలు కట్టారు. అమతెరాసును ఇనుము అనుకుని వాటిలో వెనక్కి నడిపించారు. అది పుట్టి ఉండగల ప్రాంతం మొత్తం ఆకాశంలో 6.6 శాతం అని తేలింది. ఏ ఫలితానికైనా సరిపోయే వివరణ అయితే అది 100 శాతం రావాలి. 93 శాతం ఆకాశాన్ని కొట్టిపారేసింది. ఇంతకంటే తప్పు పట్టడానికి వీలిచ్చే లెక్క ఏం కావాలి?

ఉత్తరద్వారం:
ఆ 6.6 శాతంలో ఏమైనా దొరికిందా?

ఫిజిక్స్ మాస్టారు:
శక్తిమంతమైన రేడియో గెలాక్సీ ఒక్కటీ లేదు. చురుకైన కేంద్రకాలు, నక్షత్రాలు జోరుగా పుడుతున్న గెలాక్సీలు కారణమయ్యే అవకాశం తక్కువ, పూర్తిగా కొట్టిపారేయలేదు. దూరం గరిష్ఠంగా రెండున్నర కోట్ల నుంచి 16 కోట్ల కాంతి సంవత్సరాల మధ్య. ప్రత్యేకత ఏమీ లేని ఒక మామూలు గెలాక్సీలో కొద్ది కాలం జరిగి ముగిసిపోయిన ఏదో పేలుడు లాంటిది కారణం కావచ్చన్నది వాళ్ల అభిప్రాయం.

ట్రాన్స్‌ఫార్మర్:
ఆ పేలుడు కాంతి ఎప్పుడు వచ్చి ఉంటుంది?

ఫిజిక్స్ మాస్టారు:
చాలా ముందే. కాంతి తిన్నగా వస్తుంది, కణం వంకర దారిలో వస్తుంది. మధ్యలో వందల, వేల ఏళ్ల తేడా రావచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్:
అక్కడే నాకూ మీకూ తేడా. ఇప్పుడు కనిపించని గెలాక్సీలో, మనం చూడలేకపోయిన పేలుడు, ఏ రకమో తెలియని కణం. మూడూ కలిపి ఒక వివరణ. 93 శాతం కొట్టేశారని ఒప్పుకుంటున్నాను, అది నాకు తెలియని విషయం, మంచి లెక్క. కానీ ఆ 93 శాతం కూడా ఇనుము అనుకుంటేనే. మిగిలిన 6.6 శాతంలో ఏమీ కనబడకపోతే ఇంకో అడుగు వెనక్కి వేసి, ఎప్పుడో ముగిసిపోయింది అంటున్నారు. ఇలా ఎంతవరకు వెనక్కి వెళ్తారు? ఎక్కడ ఆగుతారో ముందే చెప్పండి.

ఫిజిక్స్ మాస్టారు:
చెబుతాను. ఆజేలో ఆజేప్రైమ్ పేరుతో ట్యాంకుల మీద సింటిలేటర్ (కణం తగిలితే మెరిసే) పలకలు, రేడియో యాంటెన్నాలు పెట్టారు. జల్లులో మ్యూయాన్లు (ఎలక్ట్రాన్ల లాంటివే, కానీ బరువైనవి) ఎన్ని, ఎలక్ట్రాన్లు ఎన్ని అని విడదీయడానికి. కేంద్రకం బరువైతే మ్యూయాన్లు ఎక్కువ. ఇక పౌర్ణమి రాత్రి వచ్చిన కణం కూడా తేలికదో బరువైనదో అంచనా వేయొచ్చు. తేలికవి వేరుచేశాక అవి కూడా దగ్గరి గెలాక్సీల దిక్కున గుమికూడకపోతే, వంపు వివరణ చాలదని ఒప్పుకుంటాను.

ట్రాన్స్‌ఫార్మర్:
ఎంత శక్తి దాటినవి? ఎన్ని డిగ్రీల లోపల? 2007లో 3.1 అని ముందే చెప్పారు కాబట్టే తర్వాత సన్నగిల్లిందని పట్టుకోగలిగాం.

ఫిజిక్స్ మాస్టారు:
100 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన ప్రోటాన్లు, 5 డిగ్రీల లోపల. కానీ అంత శక్తివి చదరపు కిలోమీటరుకు శతాబ్దానికి ఒకటి కూడా రావు. పైగా వాటిలో ప్రోటాన్లు ఎన్ని ఉంటాయో తెలియదు.

ట్రాన్స్‌ఫార్మర్:
ఒక్క ప్రోటాన్ కూడా లేదని తేలితే?

ఫిజిక్స్ మాస్టారు:
అప్పుడు ఒక్కో కణం వచ్చిన దిక్కు చూసి దాని మూలం ఫలానా గెలాక్సీ అని చెప్పడం ఆ శక్తుల దగ్గర కుదరదు. క్షేత్రం పటం ఇప్పటికంటే చాలా మెరుగుపడేవరకు కుదరదు. ఆ మాట ఇక్కడే రాస్తాను.