పులికాట్ పక్షుల ఫొటోలకు స్పాటింగ్ స్కోప్: 65 మి.మీ. చాలునా, 80 కావాలా?

నాయుడుపేట మాస్టారు:
అందరికీ నమస్కారం. చలికాలంలో వారానికొకసారి సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద, అటకానితిప్ప పరిసరాల్లో పక్షులను చూస్తుంటాను. నా దగ్గర ఉన్నది 8×42 బైనాక్యులర్ ఒక్కటే. ఫ్లెమింగోలు మూడు నాలుగు వందల మీటర్ల దూరాన మేస్తుంటే వాటిని గుర్తుపట్టగలుగుతున్నాను గాని, వాటి కాళ్ల చుట్టూ తిరిగే ఉల్లంకి పిట్టలు ఏ జాతివో తేల్చుకోలేకపోతున్నాను. స్పాటింగ్ స్కోప్ (ట్రైపాడ్ మీద నిలిపి దూరపు పక్షులను ఒంటికంటితో చూసే దూరదర్శిని) కొని, దాని ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే లెన్సుకు) ఫోన్ బిగించి, ఈబర్డ్ (చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైట్) జాబితాకు ఆధారంగా జతచేయదగిన ఫొటోలు తీయాలని ఉంది. గోడకు తగిలించుకునే ఫొటోల మీద నాకు ఆశ లేదు. 20-60×65, 20-60×80 (20 నుంచి 60 రెట్లు పెంచేవి, ముందు లెన్సు వ్యాసం 65 లేదా 80 మి.మీ.) రకాలు రెండూ 60 రెట్లు పెంచి చూపుతాయంటున్నప్పుడు, బరువూ ధరా ఎక్కువైన 80ని ఎందుకు కొనాలి? ఐపీస్ వంపుగా ఉండాలా, తిన్నగా ఉండాలా? లేక ఇదంతా మానుకొని నికాన్ పీ1000 వంటి కెమెరా తీసుకోవడమే మేలా? నేను కళ్లజోడు పెట్టుకుంటానని కూడా చెప్పాలి.

బురదనేల:
మాస్టారూ, ముందుగా ఆ 60 అనే అంకెను పక్కన పెట్టండి. స్కోప్‌ను వెలుతురు వైపు తిప్పి, ఐపీస్‌కు అడుగు దూరం నుంచి చూస్తే అందులో ఒక చిన్న వెలుగు చుక్క కనిపిస్తుంది. ముందు లెన్సు వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే వచ్చేదే ఆ చుక్క వ్యాసం. 80 మి.మీ. స్కోప్‌లో 20 రెట్ల దగ్గర అది 4 మి.మీ. ఉంటుంది, 60 రెట్ల దగ్గర 1.3 మి.మీ.కు కుంచించుకుపోతుంది, అంటే వెలుగు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. 65 మి.మీ. స్కోప్‌లో ఈ అంకెలు 3.25, 1.1. వెలుగు తగ్గినకొద్దీ ఫోన్ షట్టర్ వేగాన్ని తగ్గిస్తుంది, ఐఎస్ఓను (వెలుగుకు స్పందించే తీవ్రతను) పెంచుతుంది. ఫలితంగా నిలకడగా ఉండని చిన్న పిట్ట అలుక్కుపోయినట్టు పడుతుంది. ఫొటోకు పనికొచ్చేది 20 నుంచి 30 రెట్ల వరకే అనుకోండి. ఆ పరిధిలో రెండు స్కోపులకూ ఉన్న తేడా, తెల్లవారుజామునా సాయంసంధ్యలోనూ తప్ప, మీరు భయపడినంత పెద్దది కాదు.

ఇక దూరం సంగతి. ఫోన్ ప్రధాన కెమెరా (35 మి.మీ. ఫిల్మ్ కెమెరా లెక్కలో) 26 మి.మీ. లెన్సుకు సమానమనుకుంటే, 30 రెట్ల స్కోప్ వెనక అది 780 మి.మీ. లెన్సవుతుంది. నాలుగు వందల మీటర్ల దూరాన ఆ చట్రంలో దాదాపు 18 మీటర్ల వెడల్పు పడుతుంది. 4,000 పిక్సెళ్ల ఫొటోలో ఒక్కో పిక్సెల్ నాలుగున్నర మి.మీ.ను చూపుతుందన్నమాట. మీటరున్నర ఎత్తున్న ఫ్లెమింగోకు అది బాగానే సరిపోతుంది. 14 సెం.మీ. లిటిల్ స్టింట్ అనే చిన్న ఉల్లంకి మాత్రం ముప్పై పిక్సెళ్ల మచ్చగా మిగులుతుంది. దాన్ని వంద, నూట యాభై మీటర్లలోకి వచ్చేదాకా వదిలేయడమే న్యాయం.

మూడుకాళ్లు:
పైవారి లెక్కతో ఏకీభవిస్తూనే, డబ్బు ముందుగా ట్రైపాడ్ మీద పెట్టమంటాను. పులికాట్ గాలికి తేలికపాటి ట్రైపాడ్ మీద ఎంత గొప్ప స్కోప్ పెట్టినా పక్షి చట్రంలో వణుకుతూనే ఉంటుంది. మధ్య కడ్డీని పైకి లేపకండి, దానికి బరువైన సంచీ వేలాడదీయండి, వీడియోకు వాడే ఫ్లూయిడ్ హెడ్ (కుదుపు లేకుండా మెల్లగా తిరిగే ట్రైపాడ్ తల) తీసుకోండి. తెర మీద వేలు తాకితేనే స్కోప్ అదురుతుంది కాబట్టి రెండు సెకన్ల టైమరో, బ్లూటూత్ రిమోటో వాడాలి.

ఫోన్‌ను ఐపీస్‌కు పట్టి ఉంచే అడాప్టర్ విషయంలో నేను దెబ్బ తిన్నాను. అన్ని ఫోన్లకూ సరిపోతుందన్న బిగింపు ఒకటి కొంటే, ప్రతిసారీ ఫోన్ అర మిల్లీమీటరు జరిగి చట్రం ఒక మూల నల్లబడేది. పక్షి ఉన్నంతసేపూ బిగింపు సర్దడమే సరిపోయి, సర్దేసరికి అది ఎగిరిపోయేది. మీ ఫోన్ నమూనాకే చేసిన కేసు, మీ ఐపీస్ వ్యాసానికే చేసిన రింగు దొరికితే అవే కొనండి. రెండు మూడు కెమెరాలున్న ఫోన్ తనంతట తానే లెన్సు మార్చేస్తుంది, అప్పుడు తెర అంతా నల్లబడుతుంది. లెన్సును మార్చకుండా పట్టి ఉంచే యాప్ పెట్టుకోండి. ఫోన్ బిగించేటప్పుడు ఐకప్‌ను (ఐపీస్ చుట్టూ ఉండే తిప్పే అంచును) పూర్తిగా లోపలికి తిప్పేయాలి. కళ్లజోడుతో చూడటానికి కూడా అదే పద్ధతి, కాకపోతే ఐ రిలీఫ్ (బొమ్మ మొత్తం కనిపించేలా కన్ను ఐపీస్‌కు ఉండగల దూరం) 15 మి.మీ.కు తక్కువ కాకుండా చూసుకోండి.

వంపు ఐపీస్ ఉంటే ట్రైపాడ్‌ను తక్కువ ఎత్తులోనే నిలపవచ్చు, వెంట వచ్చిన పిల్లలు కూడా చూడగలరు. కారు కిటికీలోంచి చూసేవారికి తిన్ననిదే హాయి.

కాలవగట్టు:
నేను కొంత విభేదిస్తాను. పీ1000 బరువు 1.4 కిలోలే, 3,000 మి.మీ.కు సమానమైన జూమ్ దానిలోనే ఉంది, అడాప్టర్ గొడవ లేదు, ఎగిరే పక్షి మీద కూడా కాస్త ప్రయత్నించవచ్చు. స్కోప్‌కు ఫోన్ కట్టి ఎగిరే పక్షిని తీయడం దాదాపు అసాధ్యం. ఫొటోయే ప్రధానమైతే నా ఓటు దానికే.

బురదనేల:
మాస్టారు గారి ప్రధాన అవసరం పక్షిని గుర్తుపట్టడం కదా! చిన్న వ్యూఫైండర్‌లో గంటసేపు ఉల్లంకుల గుంపును వెతకడం కళ్లకు శిక్ష. పైగా పొడవైన జూమ్ దగ్గర ఆ కెమెరాలో వెలుగు లోపలికి వచ్చే ద్వారం వ్యాసం దాదాపు 67 మి.మీ., అంటే 65 స్కోప్‌తో సమానమే. ఎండెక్కాక నీటి మీదా బురద మీదా లేచే ఆవిరి తెర దేన్నీ వదలదు. తొమ్మిదిన్నర దాటాక దూరపు ఫొటోలు నేనైతే మానుకుంటాను.

నాయుడుపేట మాస్టారు:
ధన్యవాదాలు. 65 మి.మీ. వంపు స్కోప్, మిగిలిన డబ్బుతో గట్టి ట్రైపాడ్ అని నిర్ణయించుకున్నాను. అంగడిలో ఏం పరీక్షించాలి?

మూడుకాళ్లు:
బయటికి తీసుకొచ్చి, ఆకాశం నేపథ్యంగా ఉన్న కరెంటు స్తంభాన్ని 40 రెట్ల దగ్గర చూడండి. అంచున ఊదా గీత మందంగా కనిపిస్తే తెల్ల కొంగల మీద కూడా అదే కనిపిస్తుంది; ఈడీ గాజు (రంగులు విడిపోవడాన్ని తగ్గించే ప్రత్యేక గాజు) ఉన్నవాటిలో అది బాగా తక్కువ. మీ ఫోన్‌ను అక్కడే బిగించి, 20 నుంచి 30 వరకు తిప్పి నల్ల అంచు ఎక్కడ పోతుందో గుర్తుపెట్టుకోండి. ఆ రోడ్డు తూర్పు పడమరలుగా ఉంటుంది, చలికాలపు సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి ఉదయం ఉత్తరం వైపు పక్షులతో మొదలుపెట్టండి.