"కోక సుట్టితి"యా, "కోక గట్టితి"యా?

బరంపురం
ఉగాదికి మా అబ్బాయి చేత శ్రీనాథుడి ఏకపాత్ర వేయిస్తున్నాను. కన్నడ దేశపు వేషం, తిండి భరించలేక ఆయన "దయలేదా తల్లీ" అని మొరపెట్టుకున్న కన్నడ రాజ్యలక్ష్మి పద్యం మొదటి పాదాన్ని మా తాతగారు "కుళ్ళాయుంచితిఁ, గోక గట్టితి, మహాకూర్పాసముం దొడ్గితిన్" అని చదివేవారు. చెవిలో అదే ఉండిపోయింది. పుస్తకంలో చూస్తే "సుట్టితి" అని ఉంది. కట్టడమైతే నడుముకి, చుట్టడమైతే తలకి కదా? డ్రెస్సులు అద్దెకిచ్చే ఆయన రాజుల సినిమాల్లోలా చమ్కీ కుట్టిన మఖ్మల్ కోటు, కిరీటం, ముక్కు పైకి తిరిగిన జోళ్ళు పంపుతానంటున్నారు. కోక కూడా కావాలంటే "చీర ఎందుకండీ?" అని అడిగారు. ఏం చెప్పాలో కాస్త తేల్చండి.

పర్లాకిమిడి
ముందు "కుళ్ళా" సంగతి తేలాలి. మిగతా పాదాలు చూడండి: వెల్లుల్లి, చల్లా, తల్లీ. ప్రాస ల్ల. మొదటి పాదం ఒక్కటీ ళ్ళ ఎందుకవుతుంది? "కుల్లా యుంచితి" అనే చదవాలి. పారశీకులు టోపీని కులాహ్ అంటారు. మన కుల్లాయి అక్కడి నుంచి వచ్చిందే.

గుణుపురం
మాస్టారూ, ల-ళల ప్రాసను లాక్షణికులు ఒప్పుకున్నారు కదా! ఆయన అడిగింది రెండో మాట. గణాలు కట్టి చూశాను. "కసుట్టి" అన్నా "కగట్టి" అన్నా జగణమే. యతి పోయి "కూర్పాసం" దగ్గర పడింది. చుట్టితి సుట్టితి కావడం, కట్టితి గట్టితి కావడం, రెండూ గసడదవాదేశమే. వ్యాకరణం, ఛందస్సు రెండు పాఠాలకీ దారి ఇచ్చేశాయి. ఇక అర్థంతోనే తేలాలి.

రాయగడ
అర్థంతో అయితే తలకే. పంజాబు, అఫ్ఘన్ వైపు ఇప్పటికీ ముందు కుల్లా పెట్టి దాని చుట్టూ తలపాగా చుడతారు. పోర్చుగీసు యాత్రికుడు పయీసు కృష్ణదేవరాయల్ని చూసి రాసింది గుర్తు చేసుకోండి. తెల్లని బట్టల మీద బంగారు గులాబీల పని, మెడలో వజ్రాల పట్టెడ, తలమీద జరీ టోపీ, దాని మీద కప్పిన సన్నని పట్టుగుడ్డ. ఆ పట్టుగుడ్డే కోక. పద్యంలో కుల్లా వెంటనే కోక రావడం ఊరికే కాదు.

జయపురం
తమ్ముడూ, పయీసు వచ్చింది శ్రీనాథుడికి డెబ్బై, ఎనభై ఏళ్ళ తర్వాత. పోనీ, దాదాపు పయీసు కాలానివే అయిన లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలు చూడు. కుల్లాయిలు నిలువుగా, ఎత్తుగా ఉంటాయి, చుట్టూ గుడ్డ ఉండదు. పద్యంలో తల, నడుము, ఒళ్ళు వరసగా వచ్చాయి: కుల్లా, కోక, కూర్పాసం. కోక ఆడవాళ్ళదే అనుకోవడం తర్వాతి మాట. రాముడు కట్టినవి నారచీరలు కాదూ? ఇక "సుట్టితి" అంటావా, అలవాటు లేని కట్టు కాబట్టి చుట్టుకున్నానన్నాడు. పంచె సరిగ్గా కట్టడం రాని పిల్లాణ్ణి ఇప్పటికీ "చుట్టుకొచ్చావేంట్రా" అంటాం. "గట్టితి" అంటే ఆ బాధంతా పోతుంది. నా ఓటు సుట్టితికే, అయితే నడుముకి.

పర్లాకిమిడి
అమ్మా, బాగా చెప్పావు. కూర్పాసం కూడా అంతే. అమరకోశంలో అది చోళం పక్కనే ఉంటుంది, అంటే రవిక లాంటిది. దానికి "మహా" తగిలించి పొడుగు అంగీని చేశాడు. ఉక్కపోతలో ఆ అంగీలో నిలబడి దయలేదా తల్లీ అన్న మనిషే, తర్వాత "దీనారటంకాలఁ దీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల" అని రొమ్ము విరుచుకున్నాడు! ఆ పాదం చదివితే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ దక్షిణాధీశుడే విజయనగర రాజు ప్రౌఢదేవరాయలు. ఆయన్ని 1443లో పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ చూశాడు. పట్టు అంగీ, మెడలో వెలకట్టలేని ముత్యాలహారం అని రాశాడు. ముత్యాలశాల కవి కల్పన కాదు.

గుణుపురం
సినిమాలవాళ్ళు ఇవన్నీ వదిలేసి ప్రతి రాజుకీ కిరీటమే పెట్టారు. తిరుమలలో కృష్ణదేవరాయలవారి విగ్రహం దగ్గర నిలబడి చూడండి. దేవుడి ముందు ఒంటిమీద అంగీ లేదు, తలమీద కుల్లాయి మాత్రం తీయలేదు. కిరీటం కన్నా ఆ టోపీకే హోదా ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

బరంపురం
కిరీటం వద్దని చెప్పేశాను. అట్టతో కుల్లాయి చేసి జరీగుడ్డ అంటించాం. కోకకి మా నాన్నగారి పెళ్ళినాటి బరంపురం జోడా బీరువాలోంచి తీశాను. పట్టు ధోవతి, ఉత్తరీయం, అంచు పొడుగునా గుడి గోపురాల్లాంటి కుంభాలు. మడతల దగ్గర కాస్త చిట్లింది. చీరకీ మగవాళ్ళ జోడాకీ అంచు ఒకటే, అక్క మాట నాకు అక్కడ నచ్చింది. ధోవతి నడుముకి కట్టి, ఉత్తరీయం రాయగడ తమ్ముడు చెప్పినట్టు కుల్లాయికి చుట్టి చూశాను. వాడు "తల్లీ" అని చేతులెత్తగానే జారి భుజమ్మీద పడింది.

రాయగడ
ఇంకో రెండు చుట్లు వేయండి, నిలుస్తుంది. జోళ్ళు మాత్రం వద్దు. పయీసు చూసినప్పుడు రాయలే ఒట్టికాళ్ళతో ఉన్నాడు.

జయపురం
జారిందంటే అది తలకి కాదనే.

పర్లాకిమిడి
అది ఉండనివ్వండి. రెండో పాదంలో "విశ్వస్త వడ్డింపఁగా" అన్నచోట అబ్బాయికి అర్థం ఏమని చెప్పారు? నమ్మకమైన మనిషి అని చెప్పి ఉంటే మార్చండి. విశ్వస్త అంటే విధవ. అమరం తీయండి.